కుక్క గుండెలోని క్రిమి – నోటి మందు చరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టనేలలు. గొఱ్ఱెల పెంపకమునకు ఈ జిల్లా పేరుపొందినది. రాత్రివేళ మందప్రక్కనే కాపరియు, అతని కుక్కయు పడుకొందురు. దోమ ఇద్దరిని కుట్టును. దోమకాటువలన కుక్కకు రాగల వ్యాధులలో హృదయక్రిమి వ్యాధి యొకటి. దానికి నోటి మందు దొరకిన చరిత్రలో ఒక తెలుగు శాస్త్రజ్ఞునికి ముఖ్యస్థానము కలదు.

ఈ క్రిమి దారమువలె నుండును. ఆడుక్రిమి 25 మొదలు 30 సెంటీమీటర్ల పొడవు పెరుగును. అది ఊపిరితిత్తులకు పోవు ధమనులలోను, గుండె కుడిభాగములోను నివసించును. దాని పిల్లలు సూక్ష్మరూపమున నెత్తురులో తిరుగుచుండును. 1897లో సికింద్రాబాదునందు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1900లో ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాసీ, నోయే అనువారు కుక్క హృదయక్రిమి కూడ దోమల మూలముననే వ్యాపించునని నిరూపించిరి.

దారి తెలిసినను మందు దొరకలేదు. అప్పటి మందులు ఆర్సెనిక్, ఆంటిమొనీ కలిసినవి, సూదితో ఎక్కించవలసినవి, రోగికిని విషమే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. అక్కడ ఆయన బృందము మనుష్యుల బోదకాలు క్రిమికి మందు వెదకుచు, ఎలుకలపైనను, హృదయక్రిమి సోకిన కుక్కలపైనను పరీక్షలు జరిపి, 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును ప్రకటించెను. ఇది నోటితో మ్రింగదగిన మందు. నెత్తురులోని పిల్లక్రిములపై బాగుగ పనిచేసెను గాని, కుక్క గుండెలో ముదిరిన క్రిమిని చంపజాలలేదు. మరుసటి యేడే, 1948 ఆగష్టు 8న, సుబ్బారావు మరణించెను.

ముదిరిన క్రిమిని చంపలేని మందు లేతక్రిమిని చంపగలదు గదా! దోమ విడిచిన క్రిమి గుండె చేరి పెరుగుటకు కొన్ని నెలలు పట్టును. ప్రతిదినము కొద్ది మోతాదు ఇచ్చినచో అది దారిలోనే నశించును. అయితే ఒక ప్రమాదము కలదు: నెత్తురులో అప్పటికే పిల్లక్రిములున్న కుక్కకు ఈ మందు ఇచ్చిన, అవి ఒక్కసారి చచ్చి, కుక్క కూలిపోవచ్చును. కావున ముందుగా నెత్తుటిచుక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించుట నియమమయ్యెను. 1987లో నెలకొకసారి ఇచ్చు ఐవర్‌మెక్టిన్ మాత్రకు అమెరికాలో అనుమతి లభించిన పిమ్మట దినమాత్ర వెనుకబడెను.

ముదిరిన క్రిమికి నేటికిని ఆర్సెనిక్ కలిసిన మెలార్సమిన్ సూదియే ప్రధాన చికిత్స. చచ్చిన క్రిములు ఊపిరితిత్తుల ధమనులలో అడ్డుపడును గనుక, కుక్కను పరుగెత్తనీయక వారములకొలది కట్టియుంచవలెను. దగ్గుచు, రొప్పుచు కుక్క మందకు వెనుకబడు నాటికి క్రిమి గుండెలో కాపురముండును. మాత్రకు పని అంతకు ముందే.