వైద్యశాస్త్రపు విషయసూచిక

2001వ సంవత్సరం మే నెల 4వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధనశాలలో, ఇరవైనాలుగేండ్ల యువతి ఒక మందును తుంపర రూపంలో పీల్చింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు తమ వాయునాళాలను ఏ విధంగా తెరిచి ఉంచుకోగలుగుతున్నవో తెలిస్తే ఉబ్బసపు రహస్యం కొంత తేటపడుతుందని సాగిస్తున్న పరిశోధన అది. దానికి ఆమె స్వచ్ఛందంగా ముందుకు వచ్చింది. మందు పేరు హెక్సామెథోనియం. మరునాడు దగ్గు పట్టుకొన్నది. కొద్ది రోజులకు ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. జూన్ 2వ తేదీన ఆమె మరణించింది.

ప్రయోగానికి ముందు పరిశోధకుడు వెదకలేదని అనడానికి వీలులేదు. ప్రామాణికమైన పాఠ్యగ్రంథాలు చూశాడు. పబ్‌మెడ్ అనే సమాచారనిధిలో కంప్యూటరు ద్వారా వెదికాడు. అయితే ఆనాడు ఆ నిధి 1966వ సంవత్సరంతో మొదలయ్యేది. హెక్సామెథోనియం వాడిన రోగులకు ఊపిరితిత్తులు చెడిన ఉదంతాలు 1950వ దశకపు వైద్యపత్రికలలో అచ్చయి ఉన్నవి. గ్రంథాలయాల బీరువాలలో, అట్టలు కట్టి, భద్రంగానే ఉన్నవి. యంత్రానికి మాత్రం తెలియవు.

ఈ 1966 అనే గీత ఎక్కడిది? ఎవరు గీశారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పోతే నూరేండ్లకు పైగా వెనుకకు నడవవలసి ఉన్నది.

1860లో సిన్సినాటి నగరంలో జాన్ షా బిల్లింగ్స్ అనే విద్యార్థి వైద్యపట్టం కోసం మూర్ఛరోగంపై ఒక వ్యాసం వ్రాయ సంకల్పించాడు. శస్త్రచికిత్స వల్ల మూర్ఛ ఎంతమందికి నయమైనదో లెక్క తేల్చాలని అతని ఉద్దేశం. ఆ లెక్క ఏ ఒక్క పుస్తకంలోనూ లేదు. ఎన్నో సంపుటాలు తిరగవేయవలసి వచ్చింది. తనకు కావలసిన గ్రంథాలన్నీ ఉన్న గ్రంథాలయం ఆ దేశంలోనే లేదని తెలిసింది. ఆ కష్టాన్ని అతడు జీవితాంతం మరువలేదు. అంతర్యుద్ధం ముగిసిన 1865లో, సైనిక వైద్యుడుగా ఉన్న బిల్లింగ్స్‌కు వాషింగ్టనులోని సర్జన్ జనరల్ కార్యాలయపు గ్రంథాలయం అప్పగించారు. అప్పటికి అందులో ఉన్నవి రెండు వేల పుస్తకాలకు కాస్త అటూ ఇటూ. ముప్పది ఏండ్ల తరువాత ఆయన ఆ పని విడిచి వెళ్ళేనాటికి అవి లక్ష దాటినవి. లింకను హత్య జరిగిన ఫోర్డు నాటకశాల భవనంలోనే ఆ గ్రంథాలయం చాలాకాలం ఉండినది.

అయితే పుస్తకాలు పోగుచేయడం బిల్లింగ్స్ చేసిన పనిలో సగమే. ఆయన పుస్తకాలను మాత్రమే కాక పత్రికలలోని ఒక్కొక్క వ్యాసాన్నీ విషయానుసారంగా పట్టీలలోకి ఎక్కించాడు. 1880లో మొదటి సంపుటం వెలువడిన ఆ మహాసూచిక పదునారు సంపుటాలతో 1895కు మొదటి వరుస పూర్తి చేసుకొన్నది. 'అ' నుంచి 'క్ష' దాకా పోవడానికి పదిహేనేండ్లు పడితే, మొదటి సంపుటంలోని సంగతులు ఆపాటికి పాతబడవా? అందుకే 1879 నుంచే రాబర్టు ఫ్లెచరుతో కలిసి 'ఇండెక్స్ మెడికస్' అనే మాసపత్రికను నడిపాడు. ఆ నెలలో ప్రపంచంలో వెలువడిన వైద్యవ్యాసాల పేర్లు, వ్రాసినవారి పేర్లు, పుటల సంఖ్యలు. అంతే, మరే కబుర్లూ లేవు. చందాదారులు చాలక అది 1899లో ఆగింది, 1903లో మళ్ళీ లేచింది. ఆ మధ్యకాలపు లోటును పారిస్‌లోనివారు కొంత పూరించారు. ఆ పత్రిక చివరి అచ్చు సంచిక వెలువడింది 2004లో.

బిల్లింగ్స్‌కు కంప్యూటరుతో కూడా దూరపు చుట్టరికం ఉన్నది. జనాభా లెక్కలను చేతితో కూడే బదులు యంత్రంతో కూడే ఉపాయం ఉండకపోదని ఆయన అనగా విన్న యువకుడు హెర్మన్ హాలరిత్. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు చిల్లుల కార్డులతో పనిచేసే యంత్రాన్ని సమకూర్చినవాడు అతడే. అతని కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అయింది. ఒక్క మనిషి మాటలలో సూచికకూ యంత్రానికీ కూడా బీజం పడింది. ఆ రెండూ కలుసుకోవడానికి మాత్రం ఏడు దశాబ్దాలు పట్టింది.

కలిపినవాడు ఫ్రాంక్ రోజర్స్. బిల్లింగ్స్ గ్రంథాలయం 1956లో అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయంగా మారింది. దాని అధిపతి రోజర్స్. నెలనెలా వేలకొద్దీ వ్యాసాల పేర్లను అక్షరక్రమంలో పేర్చి అచ్చువేయడం మనుష్యులకు అలవికాని పని అయినప్పుడు, 1964లో 'మెడ్‌లార్స్' అనే కంప్యూటరు వ్యవస్థను నెలకొల్పారు. దాని ముఖ్యోద్దేశం ఇండెక్స్ మెడికస్‌ను అచ్చుకు సిద్ధం చేయడమే. వైద్యులు అడిగిన ప్రశ్నకు వెదకి పెట్టడం రెండవ పని; ప్రశ్న వ్రాసి పంపితే జవాబు రావడానికి వారాలు పట్టేది. 1971 అక్టోబరులో టెలిఫోను తీగెల మీద నేరుగా వెదకే 'మెడ్‌లైన్' వచ్చింది. దానికి 1966ను మొదటి యేడుగా పెట్టుకొన్నారు. యంత్రంలోకి ఎక్కిన వ్యాసాలు 1960వ దశకపు మధ్యనుంచే గనుక, అది సహజమే. అంతకు ముందువి అచ్చు సంపుటాలలో ఉన్నవి కదా, కావలసినవారు చూసుకొంటారని అనుకొన్నారు. ఆనాటివారు చూసుకొన్నారు కూడా.

1996లో పబ్‌మెడ్ వచ్చింది. 1997 జూన్ నుంచి ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైసా ఖర్చు లేకుండా వెదకవచ్చునన్నారు. మహోపకారం. ఈనాడు అందులో ఉన్న వ్యాసాల సంఖ్య 3 కోట్ల 50 లక్షలు దాటింది. అయితే ఈ సౌలభ్యంతోపాటు, అచ్చు సంపుటాలు తిరగవేసే అలవాటు తగ్గిపోయింది. 1966కు ముందు ఏమీ లేదని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోయినా, తెరమీద కనబడనిది లేదనుకోవడం మనస్సుకు సులభం.

హెక్సామెథోనియం దాదాపు పూర్తిగా ఆ గీతకు ఆవలి మందు. 1948లో లండనులో పేటన్, జైమిస్ అనే పరిశోధకులు దీని గుణాన్ని వెల్లడించారు. నరాల కూడళ్ళవద్ద ఆజ్ఞలను అడ్డగించి రక్తపుపోటును తగ్గించే మందు ఇది. 1950వ దశకంలో విరివిగా వాడారు. అంతకన్న మంచి మందులు రాగానే వెనుకబడింది. 1972లో అమెరికాలో దీనికి అనుమతి కూడా తీసివేశారు. అంటే దీన్నిగురించి వైద్యులకు ఎక్కువగా తెలిసిన కాలమే యంత్రానికి తెలియని కాలం. న్యాయానికి ఇంకొక మాట చెప్పాలి. పాత ఉదంతాలలోని రోగులు తీవ్రమైన రక్తపుపోటుతో చాలాకాలం ఈ మందు వాడినవారు. ఒక్కసారి పీల్చిన ఆరోగ్యవంతురాలి సంగతి వేరు. ఆ వ్యాసాలు దొరికి ఉంటే ప్రయోగం ఆగేదని నిశ్చయంగా చెప్పలేము. కాని ఆలోచించవలసిన అవసరం కలిగేది. ఆమెకు ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉండేది. ఆ జూలై 19న ఫెడరల్ ప్రభుత్వం తన ధనసహాయంతో అక్కడ మనుష్యులపై సాగుతున్న పరిశోధనలను దాదాపు అన్నింటినీ నిలిపివేసి, కొద్ది రోజులకు షరతులతో తిరిగి అనుమతించింది.

సంవత్సరాల గీత ఒక్కటే కాదు, పేర్ల చిక్కు కూడా ఉన్నది. రేడియో ఉద్యోగులమైన మాకు ఇది అనుభవమే: రికార్డు అరలోనే ఉంటుంది, కార్డుమీద గాయకుని పేరు మరొక విధంగా వ్రాసి ఉంటుంది, ప్రసారవేళకు పాట దొరకదు. క్షయరోగాన్ని ఆంగ్ల వైద్యులు ఒక కాలంలో థైసిస్ అన్నారు, కన్సంప్షన్ అన్నారు, తరువాత ట్యుబర్క్యులోసిస్ అన్నారు. ఎవరు ఏ మాట వాడినా ఒకే శీర్షికక్రిందికి చేర్చడానికి 1960లో జాతీయ వైద్యగ్రంథాలయం ఒక శీర్షికల నిఘంటువును ప్రకటించింది. మందుల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. హెక్సామెథోనియాన్నే ఆనాటి వైద్యులు క్లుప్తంగా సి-6 అని వ్రాసేవారు. రసాయనాలకు 1965 నుంచి ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చి కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వారు ఈ చిక్కు కొంత విప్పారు.

మన తెలుగువారి పేర్లు ఈ సూచికలకు పెద్ద పరీక్ష. పాశ్చాత్య పద్ధతిలో పేరులోని చివరిమాట వంశనామం. మనకు ఇంటిపేరు మొదట వస్తుంది. అందువల్ల ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకొనిపోయి, రావులందరూ ఒక చోట, రెడ్లందరూ ఒక చోట కుప్పగా పడతారు. ఏ రావు ఏ ఊరివాడో సూచిక చెప్పలేదు. పరిశోధకునికొక పదునారంకెల సంఖ్యను ఇచ్చే ఆర్కిడ్ పద్ధతి 2012లో వచ్చినది ఇటువంటి చిక్కులకోసమే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ సంగతి వెల్లడించాడు. 1948లో ఆయన మరణించేనాటికి చేసిన పని అంతా 1966 గీతకు ఆవలనే ఉన్నది. పైగా ఆంగ్లంలో ఆయన పేరును ఒకరు రెండు మాటలుగా, ఒకరు ఒక మాటగా, ఒకరు చివర మార్చి వ్రాస్తారు. ఇంటిపేరు యల్లాప్రగడ అని తెలిసినవాడు ఆ మాట క్రింద వెదకితే ఏమీ కనబడదు.

పసుపు కథ కూడా ఇటువంటిదే. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన అమ్మమ్మలకు తెలిసినది అక్కడి పరీక్షకుల సమాచారనిధిలో లేదు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరం చెప్పి, 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వచ్చిన వ్యాసంతో సహా ఆధారాలు చూపిన తరువాత, 1997లో పేటెంటు రద్దయింది. ఆ తరువాత 2001లో మన సంప్రదాయ వైద్యగ్రంథాలలోని యోగాలను విదేశ పరీక్షకులు వెదకగల భాషలలో ఎక్కించే పని ఆరంభమైనది.

అమెరికా గ్రంథాలయంవారు కూడా ఇండెక్స్ మెడికస్ పాత సంపుటాలను క్రమంగా యంత్రంలోకి ఎక్కించుకొంటూ వెనుకకు పోయి, 1940వ దశకం దాకా చేరుకొన్నారు. ఈనాడు పబ్‌మెడ్‌లో హెక్సామెథోనియం, ఊపిరితిత్తులు అనే రెండు మాటలు ఆంగ్లంలో వేస్తే, 1950వ దశకపు వ్యాసాలు కూడా వరుసలో కనబడతవి. వాటిలో చాలావాటికి సంగ్రహం ఉండదు. శీర్షిక, పత్రిక పేరు, పుటల సంఖ్య మాత్రమే ఉంటవి. తక్కినది చదవడానికి ఆ పాత సంపుటం దగ్గరకు పోవలసినదే.