కలకత్తాలో పెద్దరోజు

ఖరగ్‌పూర్‌లో రైలు ఆగేసరికి ఇంకా తెల్లవారలేదు. కిటికీ అద్దానికి మంచు చెమటలా పట్టి ఉంది. ప్లాట్‌ఫారం మీద బస్తాల దగ్గర ఎవరో ఇద్దరు తెలుగులో పోట్లాడుకుంటున్నారు. అమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఏట్రా, రాత్రంతా నడిచి ఇంకా మన జిల్లాయే దాటనేదా?" అంటుంది. దాటి చాలాసేపయింది. ఎప్పుడో రైల్వే పనికి మన వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఈ ఊళ్లో బోలెడంతమంది ఉన్నారని చెబుతాను. "అలగా" అని మళ్లీ ముసుగు తన్నుతుంది.

ఈ ప్రయాణం పాప కోసం. మిషనరీ స్కూలు కాబట్టి క్రిస్మస్‌కి సెలవులిచ్చారు. సంక్రాంతి సెలవులు ఎలాగూ ఊరికే చెల్లు. వాళ్లమ్మకి బ్యాంకులో సెలవు దొరకలేదు. ధనుర్మాసంలో గడప దాటడం ఇష్టం లేకపోయినా, అమ్మ ఒక్క మాటకే ఒప్పుకుంది. "అక్కడ కేకులు బాగుంటాయట కదా" అని మాత్రం అడిగింది. నాకు వింతగా అనిపించింది. ఎదురింటి టీచరమ్మ ఇరవై ఏళ్లుగా క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు పంపిస్తోంది. పండక్కి అమ్మ అరిసెలు పంపిస్తుంది. కానీ ఆ కేకు అమ్మ ఏనాడూ నోట పెట్టలేదు. మామూలు రోజుల్లో చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి, నెలగంట పెట్టారంటే గుడ్డు కూడా ముట్టదు. క్రిస్మసేమో ఏటా ఆ నెలలోనే వచ్చి పడుతుంది.

హౌరాలో దిగాక మనం నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. ఎర్రిటుకల స్టేషన్ లోంచి బయటికి నెట్టుకొచ్చి, రోడ్డు దాటి, రేవులో లాంచీ ఎక్కుతాం. నది మీద పొగమంచు ఇంకా విడలేదు. ముందు ఏమీ కనబడదు. తర్వాత తలెత్తితే ఆకాశంలో సగం ఉక్కే. 1943లో తెరిచిన వంతెన. ఇరవయ్యారున్నర వేల టన్నుల ఉక్కు, నట్లూ బోల్టులూ లేకుండా అంతా రివిట్ల మీదే నిలబడింది. ఎనభై ఏళ్లుగా తుపాన్లకి చలించలేదు గానీ కిళ్లీ ఉమ్ములకి కాళ్లు తుప్పుపట్టిపోతుంటే, కింద ఫైబర్‌గ్లాసు తొడుగులు వేయాల్సివచ్చింది. పాపకి ఇదే అన్నిటికన్నా నచ్చింది. సాయంత్రం దాకా కనబడిన ప్రతి స్తంభం మొదట్లోనూ వంగి చూస్తూనే ఉంది.

హోటలు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఫోన్లో చూపించిన కిటికీ గోడ మీద ఉంది, బొమ్మగా. "పడుకోడానికే కదా" అని అమ్మే నన్ను ఓదార్చింది.

మధ్యాహ్నం న్యూ మార్కెట్. 1874 నాటి ఎర్ర కట్టడం. లోపల గాజుల కొట్లు, చీరల కొట్లు, వాటి మధ్య ఇరుకు దారులు. ఎటు తిరగాలో అడగక్కర్లేదు, ముక్కే చెబుతుంది. వెన్న, మాడిన పంచదార, కాస్త రమ్ము కలిసిన వాసన. ఆ వాసన మొదలైన చోటే వరసా మొదలైంది. నాహూమ్స్ ఇంకా రెండు మలుపుల అవతల ఉంది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం 1902లో మొదలుపెట్టిన బేకరీ. ఈ ఊళ్లో యూదులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వరసలో మా ముందు మాత్రం నుదుట సిందూరం, చేతికి శంఖు గాజులు వేసుకున్న ఆడవాళ్లే ఎక్కువ. ఒకావిడ చేతిలో కాగితం చూశాను, కిరాణా చీటీలా ఉంది. ఎవరికెన్ని కేకులో పేర్ల ఎదురుగా రాసుకొచ్చింది.

గంటన్నర. అమ్మ మోకాళ్లు నొప్పులని మామూలుగా గుడి వరసలో కూడా నిలబడదు. కూర్చోమని నేను కుర్చీ అడిగి తెస్తే, "వరస పోద్ది" అని దాన్ని పాపకిచ్చింది. ముందుకు జరిగేకొద్దీ పాత చెక్క కౌంటరూ, అద్దాల బీరువాలూ, వెనక ఇటుకల్లా పేర్చిన కేకులూ కనిపించాయి. మా వంతు రాగానే నేను "ఒకటి" అనేలోపు అమ్మ రెండు వేళ్లు చూపించింది.

"రెండోది ఎవరికే?"

"ఉండనీరా."

కేకు చేతికొచ్చాక తెలిసింది దాని బరువు. పరిమాణానికి మించిన బరువు, తడి ఇసుక మూటలా. అమ్మ రెండు డబ్బాలనీ పమిటతో చుట్టి సంకలో ఇరికించుకుంది. ఎంత అడిగినా నాకివ్వలేదు.

అమ్మ తినగలిగేది కూడా ఈ ఊళ్లో ఒకటుంది, అదీ చలికాలంలోనే. మిఠాయి కొట్లో ఆకు దొన్నెలో నాలుగు గోధుమరంగు సందేశ్ బిళ్లలు తెచ్చాను. నొలెన్ గుడ్, అంటే కొత్త బెల్లం వేసి చేసినవి. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని నమలడం ఆపేసింది. "ఒరే, ఇది ఈత." నిజమే. మన గట్ల మీద ఉండే ఈత చెట్టే. మనవాళ్లు ఎక్కువగా కల్లుకి గీస్తారు, వీళ్లు బెల్లానికి గీస్తారు. చలి రాత్రుల్లో కుండ కట్టి, పొద్దెక్కి పులిసేలోపే రసం దించి కాచేస్తారు. చలి తగ్గితే రసం రుచి పోతుంది, ఆ బెల్లం కాలమూ అయిపోతుంది. "మా నాన్న దగ్గర ఈ వాసనే వచ్చేది" అంది అమ్మ. తాతయ్య గురించి ఇంత తియ్యగా ఆవిడ మాట్లాడడం నేను వినలేదు. నాలుగు బిళ్లల్లో మూడు తనే తింది.

సాయంత్రం పార్క్ స్ట్రీట్. కాగితాల మీద దాని పేరు మదర్ థెరిసా సరణి. ఆ పేరు చెబితే మా టాక్సీవాడు ఒక క్షణం ఆలోచించాడు. బండ్లు ఆపేశారు, రోడ్డంతా మనుషులే. తలల పైన ఈ కొస నుంచి ఆ కొస దాకా దీపాల తోరణాలు. కింద వేలకొద్దీ ఎర్ర టోపీలు, మిణుకుమిణుకుమనే కొమ్ములు, చెవుల్లో ఊదే ప్లాస్టిక్ బూరలు. పద్నాలుగు, పదిహేను డిగ్రీల చలికే మంకీ క్యాపులు దిగాయి. ఎర్ర టోపీ కింద మంకీ క్యాపు, దాని కింద మఫ్లరు పెట్టుకున్న ఒక పెద్దాయన మనవణ్ని భుజాల మీద ఎత్తుకుని, రోల్ తింటూ, ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. అన్నీ ఒకేసారి. 1927 నాటి ఫ్లరీస్ ముందు వరస చూసి ఆ ఆశ వదులుకున్నాం. అలెన్ పార్కు వేదిక మీద క్యారల్స్ అయిపోయి హిందీ పాటలు అందుకున్నారు.

"మన మూడు లాంతర్ల దగ్గర సిరిమాను పండగ నాడు ఇలగే ఉంటాది" అంటుంది అమ్మ, పాప చెయ్యి రెండు చేతులా పట్టుకుని. ఆ మాటకి పక్కనున్న బెంగాలీ ఆవిడ నవ్వి ఏదో అంది. మాకు అర్థమయింది ఒక్కటే, బొడొదిన్. క్రిస్మస్‌కి వాళ్ల మాట. పెద్దరోజు అని చెప్పాను. "మన పెద్ద పండగలాగన్నమాట" అని అమ్మ ఆవిడకి తెలుగులోనే జవాబిచ్చింది. ఆవిడ తలూపింది. ఇద్దరూ కాసేపు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు.

మర్నాడు అయిదింటికే అమ్మ చన్నీళ్లు పోసుకుంది. నిన్న లాంచీ లోంచి వంతెన కింద కాషాయపు గీతలా కనబడింది పూలేనని రాత్రే చెప్పాను, తప్పు నాదే. మల్లిక్ ఘాట్‌లో కూలీలు తల మీద బంతి దండల్ని కొండచిలువల్లా చుట్టుకుని పరిగెడుతున్నారు. అరుపులు, బురద, కాళ్ల కింద నలిగిన రేకులు. అమ్మ బేరమాడి మూర బంతిపూలు అడిగింది. అక్కడ మూరలెవరూ అమ్మరు. చివరికి ఒక కుర్రాడు విసుగొచ్చి ఒక దండ ఊరికే ఇచ్చాడు. కిటికీ బొమ్మ ఉన్న ఆ గది తలుపుకి దాన్ని కట్టి, దణ్ణం పెట్టుకుంది.

సెయింట్ పాల్స్ కెథడ్రల్ దగ్గర వరస చర్చి చుట్టూ తిరిగింది. 1847 నాటిది. 1934 భూకంపంలో శిఖరం కూలితే మళ్లీ వేరే తీరులో కట్టారు. మెట్ల దగ్గర అమ్మ అలవాటుగా చెప్పులు విడిచేసింది. ఇంకెవరూ విడవలేదు. లోపల పడమటి గోడకి బర్న్-జోన్స్ గీసిన రంగుటద్దాల కిటికీ ఉంది, 1880 నాటిది. ఎండ పడి అది వెలుగుతుంటే వట్టి కాళ్లతో దాని కింద నిలబడి, "కిటికీ అంటే ఇదిరా" అంది, నా వైపు చూడకుండా. బయటికొచ్చేసరికి ఆ చెప్పుల జతని ఎవరో తొక్కకుండా గోడ వారగా జరిపి ఉంచారు.

రాత్రి రైలుకి ఎస్ప్లనేడ్‌లో మెట్రో ఎక్కాం. 2024లో వచ్చిన దారి, నది కింద నుంచి వెళుతుంది. సొరంగం గోడల మీద నీలం దీపాలు కనబడగానే పాప అరిచింది. "నాన్నమ్మా, ఇప్పుడు గంగ కింద ఉన్నాం!" అమ్మ సంకలో డబ్బాలు సర్దుకుని, రెండు చేతులూ ఎత్తి పెట్టె కప్పుకి నమస్కారం పెట్టింది. గంగకి కిందనుంచి మొక్కడం ఎవరికైనా మొదటిసారే. ముప్పావు నిమిషం. ఆ మొక్కు పూర్తయ్యేలోపే హౌరా వచ్చేసింది.

మా పెట్టెలో సగంమంది దగ్గర కేకు డబ్బాలున్నాయి. దీపాలు ఆర్పేశారు. కింద బెర్తు మీద అమ్మ నిద్రపోలేదు. వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెడుతోంది, ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికొచ్చింది.

"ఏం లెక్కలే అమ్మా?"

జవాబు చెప్పకుండా ఇంకో నాలుగు కణుపులు లెక్కపెట్టింది. తర్వాత పాప లేస్తుందేమోనని గొంతు తగ్గించి అడిగింది.

"ఒరే, ఫ్రిజ్జులో ఎడితే కనుమ నాటికి ఉంటాదంటావా?"