వెనక్కు తన్నే బలం: సైనిక పిస్తోలు పుట్టుక

తుపాకి పేల్చినవానిని తన్నుతుందని వేటగాళ్లందరికీ తెలుసు. శతాబ్దాల తరబడి సైనికుడు ఆ తన్నును భుజంతో భరించాడు. 1880లలో హైరమ్ మాక్సిం ఆ వృథా బలంతోనే తరువాతి తూటాను యెక్కించే మరతుపాకి తయారుచేశాడు. దానిని పిడికిట్లో పట్టేటంత చిన్నది చేయటమే సైనిక పిస్తోలు చరిత్ర.

సాహిత్యం బోధించేవానికి యీ యంత్రంతో పనేమిటని అడగవచ్చు. విప్లవకారుల కథలు చదివే మన విద్యార్థులకు చాలాసార్లు పిస్తోలే కథానాయకుడుగా కనిపిస్తుంది. ఆ నాయకుని పుట్టుపూర్వోత్తరాలు విచారించటం అవసరమని నా అభిప్రాయం.

నల్లని తుపాకిమందు మసితో సున్నితమైన యంత్రాలు బిగుసుకుపోయేవి. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగరాని మందును కనిపెట్టాక ఆ ఆటంకం తొలగింది. రెండవ అవసరం, వెంట్రుకవాసి తేడా లేకుండా భాగాలు కోసే యంత్రాలు. అవి పెద్ద ఫ్యాక్టరీలకే వుంటాయి. బెర్లిన్‌లోని లుడ్విగ్ లోవే కంపెనీ మొదట కుట్టుమిషన్లు చేసేది. తరువాత ఆయుధాలకు దిగింది. అమెరికా ఫ్యాక్టరీలలో పనిచేసివచ్చిన హ్యూగో బోర్ఖార్ట్ రూపొందించిన పిస్తోలును 1893లో తయారుచేసింది ఆ కంపెనీయే.

చిన్న తూటా అయితే చిక్కు లేదు. వెనుకనుండే లోహపు దిమ్మ బరువూ, స్ప్రింగు బిగువూ చాలు. 1900 నాటి బ్రౌనింగ్ పిస్తోలు పద్ధతి యిదే. బలమైన సైనిక తూటాకు అది చాలదు. గుండు గొట్టం దాటి, లోపలి వొత్తిడి తగ్గేదాకా వెనుక తలుపు బిగిసివుండాలి. బోర్ఖార్ట్ దీనికి మోకాలివంటి కీలు వాడాడు. చాచిన కాలు యెంత బరువునైనా ఆపుతుంది. మోకాలి వెనుక చిన్న దెబ్బ తగిలితే మడత పడుతుంది. అలాగే గొట్టమూ కీలూ కలిసి కొంచెం వెనక్కు జరిగాక, కీలు పైకి మడిచి తలుపు తెరుస్తుంది. ఖాళీ గుల్ల బయట పడుతుంది. స్ప్రింగు కీలును తిరిగి చాచి కొత్త తూటాను యెక్కిస్తుంది. జార్జి లూగర్ దీనిని సంస్కరించాడు. 1900లో స్విస్ సైన్యం, 1908లో జర్మన్ సైన్యం స్వీకరించాయి.

యీ నైపుణ్యం యెవరిమీద ప్రయోగించబడింది? 1898లో సూడాన్‌లోని ఒండుర్మాన్ వద్ద ఒక్క పూటలో 10,000 మందికి పైగా సూడానీయులు నేలకూలారు. ఆ యుద్ధంలో యువ చర్చిల్ చేతిలో వున్నది మౌజర్ సి 96 పిస్తోలు. ఫిలిప్పైన్స్‌ను ఆక్రమించిన అమెరికా సైన్యం, మోరోల ప్రతిఘటన ముందు తన .38 రివాల్వర్ చాలలేదని ఫిర్యాదు చేసింది. 1904లో శవాలమీదా, చికాగో కబేళా పశువులమీదా తూటాలు పరీక్షించారు. .45 తూటా కావాలని తేల్చారు. ఆ తూటాకు బ్రౌనింగ్ నిర్మించిన కోల్ట్ పిస్తోలును 1911లో స్వీకరించారు. ఆ తూటా వెడల్పును నిర్ణయించింది ఒక జాతిని లొంగదీయవలసిన అవసరం.

అయితే సరుకుకు యజమానిమీద విశ్వాసం వుండదు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకునుంచి 50 మౌజర్లు, 46,000 తూటాలు బెంగాల్ విప్లవకారుల చేతికి చిక్కాయి. మరుసటి సంవత్సరం సెప్టెంబర్ 9న బాలాసోర్ వద్ద జతీన్ ముఖర్జీ, నలుగురు సహచరులు మౌజర్లతోనే పోలీసులను యెదిరించారు. గాయపడ్డ జతీన్ మరునాడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. 1927 ఆగస్టులో నాన్‌చాంగ్ తిరుగుబాటులో జూ డే చేతిలో వున్నదీ మౌజరే.

బాలాసోర్‌లోనూ, నాన్‌చాంగ్‌లోనూ పేలిన యంత్రం ఒకటే. బాలాసోర్‌లో అయిదుగురు నిలిచారు. వారి ధైర్యానికి లోపం లేదు, వారి వెనుక జనసమీకరణ లేదు. నాన్‌చాంగ్ తిరుగుబాటూ ఓడిపోయింది; కాని అక్కడినుంచి బయలుదేరిన సైన్యం పల్లెలకు చేరి, రైతులలో పెరిగి, 1949లో గెలిచింది. తేడా పిస్తోలులో లేదు. అందుచేత మన విద్యార్థులు జతీన్‌ను గౌరవించాలి, అతని మౌజరును పూజించనక్కరలేదు. తన్నే బలం ఆయుధాలన్నిటికీ వుంది. దానిని పనిలో పెట్టగలది నిర్మాణమే. యంత్రానికీ, ప్రజా వుద్యమానికీ యీ సూత్రం సమానమే.