తండ్రి వయస్సు – బిడ్డ మనస్సు

బిడ్డ బుద్ధిలోనో మనస్సులోనో లోపము కన్పట్టినచో తల్లిని తప్పుపట్టుట లోకములో పాతవాడుక. తండ్రి వంక చూచినవారు అరుదు.

1912లో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ ఒక సంగతి గమనించెను. కాలుసేతులు పొట్టిగా పెరుగు ఒకవిధమైన మరుగుజ్జుతనము, తొలిచూలు బిడ్డలకంటె కడగొట్టు బిడ్డలలో ఎక్కువగా ఉండెను. కడగొట్టు బిడ్డ పుట్టునాటికి తల్లిదండ్రులిద్దరికిని వయస్సు పైబడియే యుండును గదా! మరి కారణము ఎవరి వయస్సు?

ఈ చిక్కును విప్పుటకు దారి చూపినది ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లయొనెల్ పెన్‌రోస్. (2020లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన రోజర్ పెన్‌రోస్ ఈయన కుమారుడే.) డౌన్ సిండ్రోమ్ గల బిడ్డల కుటుంబములను పరిశీలించి, 1933లో ఆయన ఫలితము ప్రకటించెను. తండ్రి వయస్సును స్థిరముగా ఉంచి లెక్కించినను తల్లి వయస్సు ప్రభావము నిలిచెను. తల్లి వయస్సును స్థిరముగా ఉంచినచో తండ్రి వయస్సు ప్రభావము మాయమయ్యెను. ఇక్కడ తల్లి వయస్సే ముఖ్యమని తేలెను. కాని వైన్‌బర్గ్ చూచిన మరుగుజ్జుతనము విషయమున లెక్క తారుమారయ్యెను. అచట తండ్రి వయస్సే ముఖ్యమని పెన్‌రోస్ 1955లో వ్రాసెను.

తల్లి అండకణములు ఆమె పుట్టుకకు మునుపే ఏర్పడియుండును. శుక్రకణములకు మూలమైన కణములో, యౌవనము మొదలు ఏటికి సుమారు 23 మార్లు విభజన చెందునని అంచనా. విభజన జరిగినప్పుడెల్ల జన్యుపదార్థమునకు నకలు తీయవలెను. పాఠమును పదేపదే ఎత్తివ్రాయు విద్యార్థి ఎక్కడనో ఒక అక్షరము జారవిడుచునట్లు, ఇక్కడను తప్పులు దొర్లును. ఐస్‌లాండులో 78 మంది బిడ్డల జన్యుపాఠమును వారి తల్లిదండ్రుల పాఠముతో పోల్చి, తండ్రి వయస్సు ఏడాది పెరిగినచో బిడ్డలో సుమారు రెండు క్రొత్త మార్పులు అధికమగునని 2012లో లెక్కకట్టిరి.

మనోవ్యాధుల సంగతి 2001లో ముందునకు వచ్చెను. 1964 – 1976 మధ్య జెరూసలేములో పుట్టిన 87,907 మంది వివరములను డొలొరెస్ మలస్పీనా బృందము పరిశీలించెను. 25 ఏండ్లకు లోబడిన తండ్రుల బిడ్డలతో పోల్చగా, 50 దాటిన తండ్రుల బిడ్డలలో స్కిజోఫ్రేనియా దాదాపు మూడు రెట్లు కన్పట్టెను. మూడు రెట్లనగా భయము కలుగవచ్చును; ఐనను అట్టి తండ్రుల బిడ్డలలో అత్యధికులకు ఆ వ్యాధి రాలేదు.

నకలు తప్పులే దీనికి కారణమా? 2011లో డెన్మార్కు జనాభా పట్టికలు వేరొక సంగతి చూపెను. ప్రమాదముతో ముడిపడినది ఆ బిడ్డ పుట్టినప్పటి తండ్రి వయస్సు కాదు, ఆయనకు తొలిబిడ్డ కలిగిన వయస్సు! నకలు తప్పులే మూలమైనచో, తొలిబిడ్డను చిన్నవయస్సున కని, ముదిమిలో మరల కన్నవాని బిడ్డకును ప్రమాదము పెరుగవలెను గదా. అట్లు పెరుగలేదు. కొందరి పెండ్లిని వెనుకకు నెట్టిన స్వభావమే, జన్యువుల ద్వారా బిడ్డకు సంక్రమించుచున్నదేమో యని పలువురు శాస్త్రజ్ఞుల ఊహ.