దిష్టిచుక్క నుంచి స్టేటస్ దాకా

మా నాయనమ్మ లెక్కలో పురిటిబిడ్డ సంగతులు ఊరందరికీ చెప్పేవి కావు. బారసాల అయ్యేదాకా బిడ్డను వాకిట్లోకి తేనిచ్చేది కాదు. పుట్టిన ఘడియ, నక్షత్రం వేసిన జాతకచక్రం అంచులకు పసుపు రాసి ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున దాచేది. మళ్లీ పెళ్లిమాటలప్పుడే అది బయటికి రావడం. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలోనైతే బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనో, ఎంగిలి విస్తళ్లలో దొర్లించి పుల్లయ్య అనో పిలిచేవారు. మృత్యువు కళ్లు కప్పడానికన్నమాట. బుగ్గన కాటుకచుక్క సరేసరి.

స్టూడియోలొచ్చాక బోసినవ్వు ఫొటో గోడకెక్కింది. దాన్ని చూసేది ఇంటికొచ్చిన చుట్టాలే. 2006లో ఫేస్‌బుక్ అందరికీ తెరుచుకుంది, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. ఇప్పుడు పేరు, పుట్టిన తేదీ, టైము, బరువు అన్నీ ఆస్పత్రి మంచం మీంచే స్టేటస్‌లోకి ఎక్కుతున్నాయి. విచిత్రమేమిటంటే, ఆ ఫొటోలో దిష్టిచుక్క కూడా ఉంటుంది! రేపు బ్యాంకువాళ్లు ఫోన్లో అడిగేది ఆ పుట్టిన తేదీనేనని ఎవరికీ తట్టదు.

ఫ్రాన్స్ 2024 ఫిబ్రవరిలో చట్టం తెచ్చింది. పిల్లల ఫొటోల విషయంలో అమ్మానాన్నలిద్దరూ కలిసి, బిడ్డ వయసును బట్టి వాడి మాట కూడా విని నిర్ణయించాలట. మన 2023 డేటా చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకునే కంపెనీలు ముందుగా తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. తల్లిదండ్రులు ఎవరిని అడగాలో మాత్రం చెప్పదు.