గోదావరి డెల్టాలో కంప్యూటరు గది: వేడి, దుమ్ము, కరెంటు

కంప్యూటరు వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది గనుక, ఆ వేడిని పెట్టెలోంచి బయటికి పంపడం యంత్ర నిర్మాణంలో ముఖ్యమైన భాగమైంది. అయితే పెట్టెలోని ఫ్యాను చేయగలిగిన పని ఒక్కటే: లోపలి వేడిగాలిని గదిలోకి నెట్టి, గదిలోని గాలిని లోపలికి తెచ్చుకోవడం. గది గాలి కన్నా చల్లగా లోపలి భాగాలను ఉంచే శక్తి ఏ ఫ్యానుకూ లేదు. అందువల్ల ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమా, వాటికి ఇరుపక్కలా పరుచుకున్న మాగాణి ప్రాంతంలో కంప్యూటరును చల్లగా ఉంచుకున్న చరిత్ర ప్రధానంగా గది చరిత్ర, గాలిలోని దుమ్ము చరిత్ర, కరెంటు చరిత్ర. ఫ్యాన్ల చరిత్ర అందులో చిన్న భాగం మాత్రమే.

తొలినాళ్లలో ఈ సమస్య అసలు లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ఇంటెల్ 8088 చిప్ మీద వేడిని తీసే లోహపు దిమ్మ ఉండేది కాదు. పవర్ సప్లై డబ్బాకు ఉన్న ఒక్క ఫ్యానే పెట్టె మొత్తానికి చాలేది. 1990ల మొదట్లో 486 శ్రేణిలోని వేగవంతమైన చిప్‌లతో హీట్ సింక్, అంటే చిప్‌లోని వేడిని లాక్కుని పలుచని రేకుల ద్వారా గాలికి వదిలే అల్యూమినియం దిమ్మ, వాడుకలోకి వచ్చింది. 1993 నాటి తొలి పెంటియం సుమారు 15 వాట్ల వేడిని విడుదల చేస్తే, 2000లో వచ్చిన పెంటియం 4 యాభై వాట్లు దాటింది; 2004 నాటికి అదే శ్రేణిలోని కొన్ని రకాలు నూరు వాట్లను మించాయి. ఆ పదకొండేళ్లలో వేడి ఆరేడు రెట్లు పెరిగింది. గోదావరి జిల్లాల పట్టణాల్లోకీ, పెద్ద గ్రామాల్లోకీ కంప్యూటరు విరివిగా వచ్చిందీ సరిగ్గా ఆ పదకొండేళ్లలోనే.

ఈ రెండూ ఒకే కాలంలో జరగడం వల్ల డెల్టాలో వాడకందారులకు కలిగిన ఇబ్బంది, యంత్రాన్ని రూపొందించినవారి లెక్కల్లోనే కనిపిస్తుంది. పెంటియం 4 రోజుల్లో క్యాబినెట్ తయారీదారులకు ఇంటెల్ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్నప్పుడు చిప్ మీది ఫ్యానుకు అందే గాలి 38 డిగ్రీలు మించకూడదు. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం సాధారణం. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచే రోజుల్లో అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. 2002 మే రెండో వారంలో కోస్తా జిల్లాల మీద విరుచుకుపడిన వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మనుషులకే నిలువ నీడ కరువైన అటువంటి రోజుల్లో యంత్రం లోపలికి వెళ్లే గాలే తయారీదారు ఒప్పుకున్న హద్దును దాటి ఉండేది.

ఇళ్ల నిర్మాణంలో వచ్చిన మార్పు ఈ ఇబ్బందిని పెంచింది. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ పెంకుల వసారాలు ఉన్న పాత లోగిళ్లలో వేడిగాలి పైకి పోయే దారి ఉండేది. కంప్యూటర్లు వచ్చే నాటికి పట్టణాల్లో ఆ లోగిళ్ల స్థానాన్ని డాబాలు ఆక్రమించాయి. శిక్షణ కేంద్రాలు, ఇంటర్నెట్ సెంటర్లు అద్దె తక్కువని తరచు పై అంతస్తునే ఎంచుకునేవి. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు శ్లాబు సాయంత్రం ఆ వేడిని గదిలోకే దించేది. పాత గాజుతెర మానిటరుతో కలిపి ఒక్కో యంత్రం నూట యాభై నుంచి రెండు వందల వాట్లు తీసుకునేది కాబట్టి పది యంత్రాల గదిలో రెండు వేల వాట్ల దాకా వేడి పుట్టేది. కూర్చున్న మనుషుల ఒంటి వేడిని కూడా కలుపుకుంటే, సుమారు 3,500 వాట్ల వేడిని తొలగించగల ఒక టన్ను ఏసీకి అదే నిండు పని, గోడల ద్వారా వచ్చే ఎండ వేడికి ఇక పెద్దగా చోటు మిగలదు. ఏసీ కొనలేనివారు ఎయిర్ కూలరుతో సరిపెట్టుకోవాలని చూశారు. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరిచే ఆ యంత్రం పొడిగా ఉండే పడమటి గాలిలో కొంత పనిచేసినా, సముద్రపు తేమ నిండిన అమలాపురం, నరసాపురం ప్రాంతాల్లో ఉక్కపోతను పెంచడం తప్ప పెద్దగా చేసిందేమీ లేదు.

కరెంటు కోతలు దీనికి తోడయ్యాయి. కడియం దగ్గర జేగురుపాడులో 216 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం 1990లలోనే వెలసినా చుట్టుపక్కల ఊళ్లకు కోతలు తప్పలేదు. కరెంటు పోయినప్పుడు కొద్దిసేపు బ్యాటరీతో యంత్రాన్ని నడిపించే యూపీఎస్‌కు కంప్యూటరు ఒక్కటే కలిపి ఉండేది. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆగిపోయేవి. యంత్రాన్ని కాపాడడానికి పెట్టిన పరికరమే దానిని కదలని గాలిలో నడిపించేది. ఫ్యాన్లను కూడా నడిపే ఇన్వర్టర్లు చౌకయ్యాకనే ఈ లోపం తగ్గింది.

రాజమండ్రిలో ఈ బరువు ఎక్కువగా మోసింది అచ్చు వృత్తి. వీరేశలింగం కాలం నుంచి ముద్రణకు పేరుపడిన ఆ నగరంలో సీసపు అక్షరాల కూర్పు వెనుకబడి, పేజ్‌మేకరులో అను ఫాంట్లతో పుటలు కూర్చే డీటీపీ సెంటర్లు వెలిశాయి. ఈ వృత్తికి పని ముమ్మరంగా ఉండేది వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లి ముహూర్తాలకు ముందు; అంటే యంత్రం పొద్దుటినుంచి రాత్రిదాకా ఆగకుండా నడవవలసిన నెలలే ఏడాదిలో అతి వేడి నెలలు. పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ ఫలితాలకోసం ఇంటర్నెట్ సెంటర్లు కిక్కిరిసేదీ ఆ వేసవిలోనే. చిప్ హద్దు మీరి వేడెక్కినప్పుడు పెంటియం 4 తన వేగాన్ని తానే తగ్గించుకునేది. బయటికి కనిపించేది మాత్రం ‘సిస్టం స్లో అయింది’ అన్నదొక్కటే. అందుకే చాలామంది దాన్ని వైరస్‌గా పొరబడి, అక్కరలేని మందు వేయించుకునేవారు.

ఈ వ్యవహారంలో అసలైన పనితనం చూపించినవారు వీధి చివర దుకాణాల్లో సర్వీసింగ్ చేసే మెకానిక్కులే. వారి గురించి రాతపూర్వకంగా మిగిలింది అతి తక్కువ కనుక ఆ పనిని కొంత వివరంగా చెప్పుకోవడం న్యాయం. మండపేట, తాడేపల్లిగూడెం వంటి రైస్‌మిల్లుల ఊళ్లలో గాలిలో రెండు రకాల దుమ్ము ఉంటుంది: ఊకను మండించే బాయిలర్ల నుంచి వచ్చే తేలికపాటి బూడిద, మర పట్టేటప్పుడు లేచే తవుడు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి అది రేకుల సందుల్లో పట్టుకుంటే ఊదితే పోదు. దాని మీద బూడిద, నూలుపోగులు చేరి హీట్ సింక్‌కూ ఫ్యానుకూ మధ్య కంబళి పరిచినట్టు ఒక పొర ఏర్పడుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గాని గాలి దిమ్మలోకి దిగదు. మెకానిక్కు ముందు ‘సీపీయూ’ అని అందరూ పిలిచే ఆ పెట్టె పక్క రేకు విప్పి, వాకిట్లోకి తెచ్చి బ్లోయరు కొట్టి, ఫ్యానును ఊడదీసి, పెయింటు బ్రష్షుతో ఒక్కో సందును గీకేవాడు. ఎండిపోయి సున్నంలా రాలే పాత పేస్టును గుడ్డతో తుడిచి, చిప్‌కూ దిమ్మకూ నడుమ గాలి మిగలకుండా కొత్త పేస్టును పలుచగా పూసేవాడు. తేమకు కిలుం పట్టిన ర్యామ్ కాళ్లను పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చేవాడు. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూసేవాడు. లోపల ద్రవం ఉండే ఆ భాగాల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుంది. పైగా 2000 దశకం తొలి సంవత్సరాల్లో ప్రపంచమంతటా నాసిరకం కెపాసిటర్లు మార్కెట్‌లోకి రావడంతో ఆ తనిఖీ మరీ అవసరమైంది.

పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టడం ఆనాటి ఇళ్లలో సర్వసాధారణం. ఆ చిట్కా మండువేసవిలో యంత్రాన్ని ఆదుకున్న మాట నిజమే గాని, దుమ్ముకూ బల్లులకూ చీమలకూ తలుపు తెరిచిందన్నదీ అంతే నిజం. కాలేజీ ల్యాబుల్లో చెప్పులు బయట విడవాలన్న నియమం దీనికి సరిగ్గా ఎదురు దారి. ఏసీ గదుల్లో ఉంచిన పాత పెద్ద కంప్యూటర్ల కాలం నుంచి వచ్చిన ఆ ఆచారాన్ని చాదస్తమని కొట్టివేయడానికి వీల్లేదు, గదిలోకి దుమ్ము రాకుండా చూడడం యంత్రాన్ని చల్లబరిచే చౌకైన పద్ధతి.

ప్రభుత్వం ఈ యంత్రాలను పల్లెల దాకా తెచ్చింది. ఆస్తుల రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించడానికి 1998 నవంబరులో మొదలైన కార్డ్ పథకంతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2002లో, సంజయ్ జాజు కలెక్టరుగా ఉన్న కాలంలో, పశ్చిమ గోదావరి జిల్లాలోని మండలాల్లో ఈ-సేవ కేంద్రాలు ఏర్పడి, వాటి నిర్వహణ స్వయంసహాయక సంఘాల మహిళల చేతికి వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకు బైర్రాజు ఫౌండేషన్ అనే సేవాసంస్థ అదే జిల్లాలోని జల్లికాకినాడ, కోనసీమ అంచున ఉన్న ఈతకోట వంటి గ్రామాల్లో గ్రామ్‌ఐటీ పేరిట కార్యాలయాలు నడిపి, పల్లెటూరి యువతకు నగరపు కంపెనీల పనిని ఊళ్లోనే అందించింది. వరిచేల మధ్య అటువంటి కార్యాలయం నడవాలంటే బ్యాటరీలు, జనరేటరు, చల్లని గది అన్నీ అక్కడే ఉండాలి. పల్లెలో కంప్యూటరు ఖర్చు అంటే పెట్టె ధర కన్నా దాని చుట్టూ ఏర్పరచవలసిన వాటి ఖర్చే ఎక్కువన్న సంగతి తేటతెల్లమైంది.

2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో చిప్‌లు 65 వాట్లకే పరిమితం కావడం, గాజుతెర మానిటర్ల స్థానంలో పలుచని ఎల్‌సీడీలు చేరడం వల్ల గదిలో పుట్టే వేడి ఒక్కసారిగా తగ్గింది. ఆ తరువాత వచ్చిన ల్యాప్‌టాప్‌లలో హీట్ సింక్ రేకులు మరీ సన్నబడి, దుమ్ము పట్టే చోటు ఇంకా లోతుకు పోయింది. వాకిట్లో పక్క రేకు విప్పి బ్లోయరు కొట్టించడం వీటికి కుదరదు గనుక, సన్నని స్క్రూలు విప్పి వెనుక మూత లేపే నేర్పు ఇప్పుడు అదే దుకాణాల్లో కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి పాఠమైంది.