గర్భిణి ఆహారం, బిడ్డ ఊపిరితిత్తులు: ఒక భావన పుట్టుపూర్వోత్తరాలు

గర్భిణి ఏమి తినాలో చెప్పే శాస్త్రం ప్రాచీనమైనదే. చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదో అధ్యాయం పాలు, వెన్న, నెయ్యి వంటి వాటిని నెలల వారీగా విధిస్తుంది. అయితే తల్లి ఆహారానికీ, బిడ్డ పెద్దయ్యాక ఊపిరితిత్తులు పనిచేసే తీరుకూ సంబంధం ఉందన్న ఆలోచన కొలతలతో నిలదొక్కుకున్నది గడచిన వందేళ్లలోనే. 1925లో వోల్‌బాక్, హౌ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు విటమిన్ ఎ లేని మేతతో పెంచిన ఎలుకల శ్వాసనాళాల లోపొర సహజమైన మెత్తదనాన్ని కోల్పోయి చర్మంలా గట్టిపడిందని చూపగా, 1953లో విల్సన్, రాత్, వార్కానీలు ఆ విటమిన్ కొరవడిన తల్లి ఎలుకలకు పుట్టే పిల్లల అవయవలోపాలలో ఊపిరితిత్తుల లోపాలు కూడా ఉంటాయని నిరూపించారు.

మానవ పిండంలో ఊపిరితిత్తులు నాలుగో వారంలో ఆహారనాళపు గోడ నుంచి చిన్న మొగ్గగా పొడుచుకువచ్చి, కొమ్మలుగా చీలుతూ పదిహేడో వారానికల్లా వాయునాళాల అమరికను దాదాపు పూర్తి చేసుకుంటాయి. ప్రాణవాయువు రక్తంలోకి చేరే సూక్ష్మమైన గాలి తిత్తులు మాత్రం నెలలు నిండే వేళకు మొదలై పుట్టిన తరువాత కూడా పెరుగుతూనే ఉంటాయి. అందువల్ల ఏ పోషకం లోపించిందన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలలో లోపించిందన్నదీ అంతే ముఖ్యం.

మనుషుల విషయంలో ఈ ఆలోచనకు ఆధారం ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో దొరికింది. ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ పర్యవేక్షణలో 1911 నుంచి అక్కడి మంత్రసానులు, ఆరోగ్య సందర్శకులు ప్రతి శిశువు పుట్టిన బరువునూ, ఏడాది నిండినప్పటి బరువునూ, తల్లిపాలా సీసాపాలా అన్న సంగతినీ, చివరకు వచ్చిన పళ్ల సంఖ్యను సైతం పుస్తకాలకు ఎక్కించారు. పరిశోధకుడు డేవిడ్ బార్కర్ బృందం దశాబ్దాల తరువాత ఆ పుస్తకాలను వెలికితీసి, అందులోని మగశిశువులలో 825 మందిని అరవై ఏళ్ల ప్రాయంలో గాలి ఊదించి పరీక్షించి, పుట్టిన బరువు తగ్గినకొద్దీ తొలి సెకనులో బయటకు ఊదగలిగే గాలి పరిమాణం కూడా తగ్గుతోందని 1991లో ప్రకటించింది. మైసూరులో పుట్టిన స్త్రీపురుషులలోనూ ఇదే ధోరణి 1997లో వెల్లడైంది. అయితే పుట్టిన బరువు తల్లి తిండికి అద్దం కాదు. పొగ, జబ్బు, పేదరికం, చాకిరీ అన్నీ దానిమీద పనిచేస్తాయి గనుక బరువు లెక్కలు అనుమానాన్ని బలపరచాయే తప్ప కారణాన్ని తేల్చలేకపోయాయి.

తిండినే వేరుచేసి చూసే అవకాశం ఒక ఘోరం వల్ల వచ్చింది. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధం కారణంగా పశ్చిమ నెదర్లాండ్స్‌లో రేషను రోజుకు 400 నుంచి 800 క్యాలరీలకు పడిపోయింది. ఆ కరువుకాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో గర్భస్థులుగా ఉన్నవారిని యాభై ఏళ్ల వయసులో పరీక్షించగా, గర్భం నడిమి నెలల్లో కరువు సోకినవారిలో శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆడని జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల పరిమాణంలో మాత్రం తేడా లేదు. 2000లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి, లోపం అవయవం సైజులో కాక దాని నిర్మాణంలోనో స్వభావంలోనో ఉండి ఉండాలని భావించడం సమంజసం.

అన్నింటికన్నా గట్టి సాక్ష్యం మన పొరుగునే, నేపాల్ తరాయిలోని సర్లాహీ జిల్లాలో లభించింది. అక్కడి గర్భిణులలో రేచీకటి, అంటే విటమిన్ ఎ కొరతతో మసక వెలుతురులో చూపు ఆనకపోవడం, సర్వసాధారణం. పరిశోధకుడు కీత్ వెస్ట్ బృందం 1994 నుంచి 1997 వరకు కొందరు స్త్రీలకు గర్భధారణకు ముందు నుంచి ప్రసవానంతరం దాకా వారానికొక విటమిన్ ఎ గుళికనూ, కొందరికి శరీరంలో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌నూ, మిగిలినవారికి మందులేని గుళికనూ ఇచ్చింది. వారి పిల్లలు తొమ్మిది నుంచి పదమూడేళ్ల వారయ్యాక పరీక్షిస్తే, విటమిన్ ఎ అందిన తల్లుల బిడ్డలు తొలి సెకనులో సగటున 46 మిల్లీలీటర్ల గాలి ఎక్కువగా ఊదగలిగారు. బీటా కెరోటిన్ వల్ల అలాంటి మేలు కనబడలేదు. ఒక పిల్లవాడి ఊపిరిలో ఈ మొత్తం స్వల్పమే కావచ్చు గాని, తల్లి కడుపులో అందిన పోషకం దశాబ్దం తరువాత కూడా కొలతకు అందడం సామాన్య విషయం కాదు.

ఉబ్బసం విషయంలో ఫలితాలు ఇంత సూటిగా లేవు. 2016లో కోపెన్‌హేగన్ పరిశోధకులు గర్భం చివరి మూడు నెలల్లో చేపనూనె ఇచ్చి, పిల్లలలో పిల్లికూతలూ ఉబ్బసమూ దాదాపు మూడోవంతు తగ్గాయని చూపారు. రక్తంలో చేపనూనెలో ఉండే కొవ్వులు తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. అదే ఏడాది వెలువడిన అమెరికా విటమిన్ డి ప్రయోగం నిర్ధారణకు చాలినంత తేడా చూపలేదు. ఎలర్జీ చరిత్ర ఉన్న కుటుంబాలలోని గర్భిణులు వేరుశనగ మానడం మంచిదని 1998లో బ్రిటన్ ఇచ్చిన సలహా కూడా ఆధారం లేక 2009లో రద్దయింది.

కొరత ఉన్నచోట తీర్చడం ఫలించింది. పథ్యం పేరిట మాన్పించడం ఫలించలేదు. గర్భిణికి మునగాకు, తోటకూర, పాలు, గుడ్డు అందేలా చూడడమూ, సందెవేళ చూపు ఆనడంలేదని ఆమె చెబితే కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని తోసిపుచ్చక వైద్యులకు చూపించడమూ కుటుంబం చేయవలసిన పనులు. విటమిన్ ఎ మాత్రలను సొంతంగా మింగడం మాత్రం తగదు, ఎందుకంటే తొలి నెలల్లో మోతాదు మించితే అదే విటమిన్ పిండానికి అవయవలోపాలు తెచ్చిపెడుతుంది.